మొదటిసారి స్కైడైవింగ్: మంచి కేంద్రాన్నీ, నమ్మదగిన ఇన్‌స్ట్రక్టర్‌నూ ఎంచుకోవడం ఎలా?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో స్కైడైవింగ్, అంటే విమానంలోంచి పారాచూట్‌తో దూకడం నేర్పే కేంద్రం లేదు. దగదర్తి విమానాశ్రయమే ఇంకా కట్టవలసి ఉంది. కాబట్టి కావలి నుంచి గానీ, కనిగిరి నుంచి గానీ ఈ సరదా తీర్చుకోవాలనుకునేవారు రైలో విమానమో ఎక్కి దూరప్రాంతానికి వెళ్లి, అంతకుముందు ముఖమైనా చూడని మనిషికి తమ ప్రాణం అప్పగించవలసి వస్తుంది. ఈ దూరంతో ఇంకో చిక్కు కూడా ఉంది. సెలవు పెట్టి, టికెట్లు తీసి, లాడ్జిలో దిగిన తరువాత అక్కడి ఏర్పాట్లు నచ్చకపోయినా, ఇంత ఖర్చు పెట్టుకుని వచ్చాం కదా అని మనసు రాజీపడిపోతుంది. అందువల్ల ఎంపికలో ముప్పాతిక వంతు పనిని ఇంటి దగ్గరే, అడ్వాన్సు కట్టకముందే ముగించుకోవాలి. మిగిలిన పావు వంతును మైదానంలో నిలబడి, కళ్లతో చూసి తేల్చుకోవాలి.

ముందుగా ఏ రకం జంప్ కావాలో నిర్ణయించుకోండి

స్కైడైవింగ్ పేరుతో రకరకాల వస్తువులు అమ్ముడవుతున్నాయి. బీచ్‌లో మోటారు పడవకు తాడు కట్టి గాలిలోకి లేపేది పారాసెయిలింగ్. వీపున ఇంజను, ఫ్యాను పెట్టుకుని నేల మీద నుంచి ఎగిరేది పారామోటారింగ్. ఈ రెండింటిలోనూ విమానంలోంచి దూకడం ఉండదు. మీరు మాట్లాడుతున్న వ్యక్తి ఏ విమానం, ఎన్ని అడుగుల ఎత్తు అన్న రెండు ప్రశ్నలకు సూటిగా జవాబు చెప్పలేకపోతే, అతను అమ్ముతున్నది బహుశా స్కైడైవింగ్ కాదు.

అసలైన స్కైడైవింగ్‌లో కొత్తవారికి మూడు దారులున్నాయి. మొదటిది ట్యాండెమ్. ఇందులో మీ హార్నెస్‌ను, అంటే ఒంటికి తొడిగే పట్టీల అమరికను, ఇన్‌స్ట్రక్టర్ హార్నెస్‌కు బిగిస్తారు, పారాచూట్ మొత్తం ఆయన వీపున ఉంటుంది. సాధారణంగా 10,000 నుంచి 13,000 అడుగుల ఎత్తులో దూకి, అర నిమిషం నుంచి నిమిషం వరకు గంటకు 190–200 కిలోమీటర్ల వేగంతో కిందికి వస్తారు. ఇంచుమించు 5,000 అడుగుల దగ్గర పారాచూట్ తెరిచాక, ఐదారు నిమిషాలు తేలుతూ నేలకు దిగుతారు. ఇద్దరి బరువు కలిస్తే వేగం హద్దు మీరుతుంది గనుక, దూకిన కొద్ది క్షణాలకే ఇన్‌స్ట్రక్టర్ డ్రోగ్ అనే చిన్న పారాచూట్‌ను వెనక్కి వదులుతారు. శ్రీహరికోట నుంచి 2023 అక్టోబరు 21న జరిగిన గగన్‌యాన్ టీవీ-డీ1 పరీక్షలో క్రూ మాడ్యూల్ సముద్రంలోకి దిగిన తీరును గమనించినవారికి ఈ డ్రోగ్ కొత్త కాదు. అక్కడ కూడా ముందు డ్రోగ్‌లు వేగాన్ని అదుపు చేశాకే పెద్ద పారాచూట్లు విచ్చుకున్నాయి.

రెండో దారి స్టాటిక్ లైన్. విమానానికి కట్టిన పట్టీయే పారాచూట్‌ను లాగి తెరుస్తుంది, తక్కువ ఎత్తు నుంచి మీరు ఒంటరిగానే దూకుతారు. మూడోది ఏఎఫ్‌ఎఫ్ అని పిలిచే యాక్సిలరేటెడ్ ఫ్రీఫాల్. ఇందులో మొదటి జంప్ నుంచే మీ పారాచూట్ మీ వీపున ఉంటుంది, ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు చెరోపక్కన మిమ్మల్ని పట్టుకుని దూకుతారు, సరైన ఎత్తులో తెరవవలసింది మీరే.

ఒక్కసారి అనుభవం చాలనుకునేవారికి ట్యాండెమ్ సరిపోతుంది. నేర్చుకుని లైసెన్సు దాకా వెళ్లాలనుకునేవారు కూడా మొదట ఒక ట్యాండెమ్ చేసి, అదే కేంద్రంలో శిక్షణ ఎలా జరుగుతుందో దగ్గర నుంచి చూసి, ఆ తరువాతే ఏఎఫ్‌ఎఫ్ కోర్సుకు డబ్బు కట్టడం మేలని నా అభిప్రాయం. అంతకన్నా ముందు హైదరాబాద్‌లో గండిపేట దగ్గరున్న ఇండోర్ విండ్ టన్నెల్‌లో కొన్ని నిమిషాలు గడిపితే, కింది నుంచి వీచే గాలి మీద ఒళ్లు ఎలా నిలుస్తుందో తెలుస్తుంది. అక్కడ భయం ఉండదు గనుక ఇన్‌స్ట్రక్టర్ చేతి సైగలను చూసి పాటించడం సులువుగా అలవడుతుంది. నెల్లూరు నుంచి రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి హైదరాబాద్ చేరవచ్చు కాబట్టి, దూర ప్రయాణం పెట్టుకునే ముందు ఇది చవకైన పరీక్ష.

శరీరం సంగతి దాచవద్దు

గుండె జబ్బు, అదుపులో లేని రక్తపోటు, మూర్ఛ, వెన్ను లేదా మెడ నొప్పి, పూర్వం ఎప్పుడైనా తొలగిన భుజం, చెవి, సైనస్ ఇబ్బందులు ఉన్నవారు ముందు తమ డాక్టరును అడగాలి. గర్భిణులు ఈ ఆలోచనను వాయిదా వేసుకోవాలి. జలుబు చేసి ముక్కులు బిగుసుకున్న రోజున దూకితే, ఎత్తు నుంచి వేగంగా దిగేటప్పుడు చెవిలో భరించలేని నొప్పి వస్తుంది. బరువు విషయంలో ప్రతి కేంద్రానికీ తనదైన పరిమితి ఉంటుంది. ఫోనులో నాలుగు కిలోలు తగ్గించి చెప్పినా అక్కడ మళ్లీ తూకం వేస్తారు, వేయకపోతే అది మంచి కేంద్రం కాదు. మీ జీవిత బీమా, ప్రమాద బీమా పాలసీల్లో సాహస క్రీడలను మినహాయించారేమో కూడా చదువుకోండి. చాలా పాలసీల్లో ఆ షరతు చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఎక్కడ వెతకాలి

మన దేశంలో ట్యాండెమ్ జంప్‌లకు బాగా వినిపించే చోటు హర్యానాలోని నార్నౌల్ దగ్గరి బాఛోద్ ఎయిర్‌స్ట్రిప్. ఒంగోలు, నెల్లూరు, గూడూరు స్టేషన్లలో ఆగే గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ చేరి, అక్కడి నుంచి రోడ్డు మార్గాన వెళ్లవచ్చు. మధ్యప్రదేశ్ పర్యాటక విభాగం ఉజ్జయినిలోని దతానా ఎయిర్‌స్ట్రిప్ మీద చలికాలంలో స్కైడైవింగ్ ఉత్సవాలు నిర్వహించింది. విదేశాల్లోనైతే దుబాయ్‌లోనూ, థాయిలాండ్‌లోని పట్టాయా సమీపంలోనూ ఏళ్ల తరబడి నడుస్తున్న కేంద్రాలున్నాయి. గల్ఫ్‌లో పనిచేస్తున్న బంధువులున్న కుటుంబాలకు దుబాయ్ ఒక్కోసారి హర్యానా కన్నా దగ్గరగా అనిపిస్తుంది. అమెరికాలో చదువుకుంటున్నవారు యునైటెడ్ స్టేట్స్ పారాచూట్ అసోసియేషన్, అంటే యూఎస్‌పీఏ సభ్యత్వమున్న కేంద్రాల జాబితా నుంచి మొదలుపెట్టవచ్చు. ఆస్ట్రేలియా, బ్రిటన్ దేశాల్లోనూ ఇటువంటి జాతీయ సంఘాలున్నాయి.

ఇక్కడ ఒక తేడాను గుర్తించాలి. విమానం నిలిపే సొంత హ్యాంగరు, సొంత సామగ్రి, ప్యాకింగ్ గది, నెలల తరబడి ఒకేచోట పనిచేసే సిబ్బంది ఉన్న స్థిరమైన కేంద్రం వేరు. నాలుగు రోజుల కోసం ఒక ఎయిర్‌స్ట్రిప్‌కు వచ్చి వెళ్లిపోయే క్యాంపు వేరు. క్యాంపులన్నీ చెడ్డవని చెప్పలేం, పేరున్న సంస్థలు కూడా క్యాంపులు పెడతాయి. అయితే నాలుగు రోజుల్లో వీలైనంత మందిని దూకించాలన్న తొందర క్యాంపులో ఎక్కువగా ఉంటుంది కనుక, మొదటిసారి దూకేవారికి నేను స్థిరమైన కేంద్రాన్నే సూచిస్తాను.

మన దేశంలో విమానానికి సంబంధించిన అనుమతులు డీజీసీఏ, అంటే పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ పరిధిలోకి వస్తాయి. కేంద్ర పౌర విమానయాన మంత్రిత్వ శాఖ 2022 జూన్‌లో విడుదల చేసిన జాతీయ వైమానిక క్రీడల విధానంలో స్కైడైవింగ్ కూడా ఉంది. మీరు చేయవలసిందల్లా, ఈ స్థలంలో ఈ విమానంతో జంప్‌లు జరపడానికి మీకున్న అనుమతి పత్రం ప్రతిని వాట్సాప్‌లో పంపగలరా అని మర్యాదగా అడగడమే. అనుమతి ఉన్నవారికి ఆ ప్రశ్న కొత్తేమీ కాదు. ఉన్నాయండీ, అన్నీ ఉన్నాయి అంటూ మాట దాటవేసేవారి దగ్గర ఆగవలసిన పని లేదు. భారతదేశంలో నమోదైన విమానం మీద వీటీ అనే అక్షరాలతో మొదలయ్యే గుర్తు ఉంటుంది. మైదానానికి వెళ్లాక పత్రంలో రాసిన గుర్తూ, విమానం తోక మీది గుర్తూ ఒకటేనా అని సరిచూసుకోవచ్చు.

డబ్బు ఎవరి ఖాతాకు వెళుతుందో కూడా చూడండి. ఇన్‌స్టాగ్రామ్‌లో కనిపించే చాలామంది బుకింగ్ చేసి కమీషన్ తీసుకునే మధ్యవర్తులే. వారి ద్వారా వెళ్లినా, దూకించే సంస్థ పేరు తెలుసుకుని, దాని కార్యాలయానికి మీరే స్వయంగా ఫోన్ చేసి మాట్లాడిన తరువాతే అడ్వాన్సు పంపాలి.

ఫోనులో అడగవలసిన ప్రశ్నలు

ఈ భాగం మీద ఎంత సమయం పెట్టినా ఎక్కువ కాదు. మొదట ఇన్‌స్ట్రక్టర్ గురించి అడగండి. నన్ను ఎవరు తీసుకువెళతారు, ఆయనకు ఏ దేశపు లైసెన్సు, ఏ రేటింగ్ (అంటే నేర్పే అర్హత) ఉంది, మొత్తం ఎన్ని జంప్‌లు చేశారు, వాటిలో ట్యాండెమ్‌లు ఎన్ని, గత మూడు నెలల్లో ఎన్ని అన్నవి ఆ ప్రశ్నలు. చివరిది చాలామంది మరిచిపోతారు. వేల జంప్‌లు చేసినవారైనా ఏడాదిగా దూకకుండా ఉంటే చేయి కొంత మొద్దుబారుతుంది. కొలబద్ద కోసం అమెరికా నిబంధనను గుర్తుపెట్టుకోండి. అక్కడ ట్యాండెమ్ ఇన్‌స్ట్రక్టర్ కావాలంటే పారాచూటింగ్‌లో కనీసం 3 ఏళ్ల అనుభవం, 500 ఫ్రీఫాల్ జంప్‌లు (పారాచూట్ తెరిచేముందు కొంతసేపు గాలిలో పడే జంప్‌లు), అన్నిటికన్నా పై మెట్టయిన మాస్టర్ లైసెన్సు ఉండాలి. అవిగాక తాను వాడే ట్యాండెమ్ సామగ్రి మీద ప్రత్యేక శిక్షణ పొంది ఉండాలి. ఇన్‌స్ట్రక్టర్ ఏ దేశంవాడైనా ఈ మెట్టుకు కింద ఉన్నవారితో దూకవద్దు.

మా వాళ్లందరూ చాలా అనుభవజ్ఞులు సార్, భయపడకండి అన్నది జవాబు కాదు. ఆయన పేరు, లైసెన్సు నంబరు, జంప్‌ల సంఖ్య చెబితే అది జవాబు. ఆ రోజు ఎవరు డ్యూటీలో ఉంటారో ఇప్పుడే చెప్పలేమని అనడంలో తప్పులేదు. అటువంటప్పుడు తమ దగ్గర పనిచేసే ఇన్‌స్ట్రక్టర్లందరి వివరాలు ఇవ్వమని అడగవచ్చు. ఆడపిల్లలు మహిళా ఇన్‌స్ట్రక్టర్ కావాలనుకుంటే అదీ ఇప్పుడే అడగాలి. అటువంటివారు తక్కువమంది ఉంటారు కనుక ముందుగా చెబితేనే కుదురుతుంది.

రెండో విడత ప్రశ్నలు సామగ్రి మీద. ప్రతి ట్యాండెమ్ సంచిలోనూ రెండు పారాచూట్లు ఉంటాయి. ప్రధానమైనది సరిగా విచ్చుకోకపోతే దానిని వదిలించుకుని రిజర్వ్ పారాచూట్ తెరుస్తారు. ఏ కారణం చేతనైనా ఎవరూ ఏదీ లాగలేకపోతే, ఏఏడీ అనే చిన్న ఎలక్ట్రానిక్ పరికరం ఎత్తునూ వేగాన్నీ కొలుస్తూ, ప్రమాదకరమైన ఎత్తుకు వచ్చినా వేగం తగ్గలేదని గ్రహించి రిజర్వ్‌ను తానే తెరుస్తుంది. జర్మనీకి చెందిన ఎయిర్‌టెక్ సంస్థ 1991లో తెచ్చిన సైప్రెస్ వీటిలో బాగా పేరున్నది. దాని ట్యాండెమ్ రకం సుమారు 1,900 అడుగుల దగ్గర పనిచేస్తుంది. కాబట్టి అడగవలసినవి మూడు. ప్రతి సంచిలోనూ ఏఏడీ ఉందా, దాని సర్వీసు గడువులో ఉందా, రిజర్వ్‌ను ఆఖరుసారి ఎప్పుడు ఎవరు ప్యాక్ చేశారు? రిజర్వ్‌ను మడిచే పని లైసెన్సు ఉన్న రిగ్గర్ చేయాలి. అమెరికాలో అది వాడినా వాడకపోయినా 180 రోజులకు ఒకసారి విప్పి, పరీక్షించి, మళ్లీ మడవవలసిందే. ఆ తేదీ, రిగ్గర్ సంతకం ఉన్న కార్డు సంచిలోనే ఒక చిన్న జేబులో ఉంటుంది. మైదానంలో ఆ కార్డు చూపించమని అడగడం మీ హక్కు.

మూడో విడత వాతావరణం, డబ్బు వాపసు గురించి. గాలి ఎంత ఉంటే దూకడం ఆపేస్తారు, మబ్బు పడితే ఏం చేస్తారు, ఆ రోజు కుదరకపోతే మర్నాటికి మారుస్తారా, డబ్బు తిరిగి ఇస్తారా అన్నవి రాతపూర్వకంగా తెప్పించుకోండి. యూఎస్‌పీఏ నిబంధనల్లో ఒంటరిగా దూకే విద్యార్థులకు నేల మీది గాలి గంటకు 14 మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్లు మించకూడదు. ట్యాండెమ్‌కు కేంద్రం తన పరిమితిని తానే పెట్టుకుంటుంది. ఆ పరిమితి ఎంతో ఒక అంకెగా చెప్పగలిగిన కేంద్రాన్ని నమ్మవచ్చు. వాతావరణం ఎలా ఉన్నా మీకు జంప్ గ్యారంటీ అని ప్రచారం చేసుకునేవారికి దూరంగా ఉండండి. జువ్వలదిన్నెలోనో, కొత్తపట్నంలోనో సముద్రం బాగాలేని రోజు బోటు తీయని మత్స్యకారుడిని ఎవరూ పిరికివాడని అనరు, ఇక్కడా అంతే. అందుకే ప్రయాణంలో కనీసం ఒక రోజు అదనంగా పెట్టుకోవాలి. డిసెంబరు, జనవరి నెలల్లో ఉత్తరాదిన ఉదయం మంచు దట్టంగా కమ్ముతుంది, జులై నుంచి సెప్టెంబరు వరకు వానలు. ఫిబ్రవరి, మార్చి నెలలు మనవైపు నుంచి వెళ్లేవారికి అనువుగా ఉంటాయి.

మైదానంలో మీ వంతు రాకముందు

మీకు ఇచ్చిన సమయానికన్నా రెండు మూడు గంటలు ముందుగా చేరుకుని, ఒకచోట కూర్చుని చూడండి. మీకన్నా ముందు దూకినవారు ఎలా దిగుతున్నారు? ట్యాండెమ్‌లో కూర్చున్న భంగిమలో జారుతూ దిగడం మామూలే, అందులో కంగారు పడవలసిందేమీ లేదు. అయితే ఒకరి తరువాత ఒకరు మైదానం దాటి పొలాల్లో, కంచెల దగ్గర దిగుతుంటే గాలి లెక్క తప్పుతోందని అర్థం. ప్యాకింగ్ చేసేవారు తాళ్లను విడదీసి సరిచూస్తున్నారా, లేక వచ్చిన సంచిని వచ్చినట్టే కుక్కి మళ్లీ పంపుతున్నారా? విమానం ఎక్కేవారి పేర్లు, బరువులు ఎవరైనా రాసుకుంటున్నారా? ఇంజను తిరుగుతుండగా కొత్తవారిని ప్రొపెల్లరు వైపు ఒంటరిగా నడవనిస్తున్నారా? వీడియో తీసేవారి హడావిడి ముందు ఇన్‌స్ట్రక్టర్ మాట చెల్లుతోందా? ఒక గంట చూస్తే, పది సమీక్షలు చదివినా తెలియని సంగతులు తెలుస్తాయి.

తరువాత ఇన్‌స్ట్రక్టర్‌తో మాట్లాడండి. మంచి ఇన్‌స్ట్రక్టర్ మీ పేరు, బరువు అడిగిన వెంటనే ఆరోగ్యం గురించి అడుగుతారు, నేల మీదే మీచేత భంగిమలన్నీ చేయిస్తారు. విమానం తలుపు దగ్గర తల వెనక్కి వాల్చి ఆయన భుజానికి ఆనించడం, చేతులతో హార్నెస్ పట్టీలు పట్టుకోవడం, నడుమును ముందుకు నెట్టి ఒంటిని విల్లులా వంచడం, భుజం మీద తట్టగానే చేతులు చాపడం, దిగేటప్పుడు మోకాళ్లను పైకెత్తి కాళ్లు ముందుకు చాచి ఉంచడం ఇవన్నీ మీరు చేసి చూపేదాకా ఆయన వదలకూడదు. దిగేటప్పుడు కాళ్లు ఎత్తకపోవడం వల్ల మడమలు, మోకాళ్లు దెబ్బతినే అవకాశం ఉంది గనుక, ఆ ఒక్కటి నాలుగుసార్లు చేయించినా విసుక్కోవద్దు.

భాష గురించి మొహమాటం అసలు వద్దు. శిక్షణ ఎక్కువగా హిందీలోనో ఇంగ్లిషులోనో జరుగుతుంది. అర్థం కాని మాటకు తల ఊపేయడం మనలో చాలామందికి అలవాటు. ఇంకొకసారి నెమ్మదిగా చెప్పండి అని అడగండి, మీకు అర్థమైనదాన్ని తిరిగి ఆయనకే చెప్పండి. గాలిలో దూసుకుపోతున్నప్పుడు మాటలు వినపడవు కనుక, నేల మీద నేర్చుకున్న సైగలే అక్కడ పనికివస్తాయి. అడిగినందుకు విసుక్కున్న ఇన్‌స్ట్రక్టర్‌ను మార్చమని కౌంటరులో చెప్పడానికి వెనుకాడవద్దు.

హార్నెస్ బిగించేటప్పుడు మీరు కూడా గమనిస్తూ ఉండండి. తొడల చుట్టూ రెండు పట్టీలు, ఛాతీ మీద ఒకటి బిగుతుగా ఉండాలి. నిలబడితే కొంచెం ఇబ్బందిగా, వంగి నడవవలసి వచ్చేంతగా ఉంటే సరిగా ఉన్నట్టు. చీర, చుడీదార్ దుపట్టా, వదులు పంచె, చెప్పులు కుదరవు. ప్యాంటు, టీషర్టు, లేసులు బిగించిన బూట్లు వేసుకుని, గొలుసులు, ఉంగరాలు తీసి ఇంటివారి చేతికివ్వండి. విమానం పైకి వెళ్లాక ఇన్‌స్ట్రక్టర్ తన హార్నెస్‌తో మిమ్మల్ని నాలుగు చోట్ల కలుపుతారు, భుజాల దగ్గర రెండు, నడుము పక్కల రెండు. ఒక్కో కొక్కెం పడినప్పుడు గట్టిగా లాగి చూసి, నాలుగూ పూర్తయ్యాక మరోసారి చేత్తో తడిమి సరిచూసే ఇన్‌స్ట్రక్టర్ మీకు దొరికితే అదృష్టమే. తలుపు తెరిచే ముందు ఆ నాలుగూ మీకు స్పష్టంగా చెప్పి చూపించమని నేల మీదే కోరండి. భయం వేసి వద్దనిపిస్తే, అది చెప్పవలసిన సమయం తలుపు తెరవకముందే.

సంతకం పెట్టమని ఇచ్చే బాధ్యతా ఒప్పంద పత్రాన్ని చదవకుండా సంతకం చేయవద్దు. ప్రమాదం జరిగితే సంస్థ బాధ్యత వహించదని అందులో రాసి ఉండడం అన్నిచోట్లా మామూలే. అయితే అత్యవసరంగా ఫోన్ చేయవలసిన నంబరు, దగ్గరి ఆసుపత్రి ఏదో ఆ కేంద్రానికి తెలుసా అన్నది ఆ సమయంలోనే అడిగి తెలుసుకోవచ్చు.

నేర్చుకోవాలనుకుంటే

ట్యాండెమ్ తరువాత ఏఎఫ్‌ఎఫ్ చేయాలనిపిస్తే, అదే ప్రశ్నలను మరింత గట్టిగా అడగవలసి ఉంటుంది, ఎందుకంటే ఇక్కడ పారాచూట్ తెరవడం, దాన్ని నడపడం, అవసరమైతే రిజర్వ్‌కు మారడం మీ పని. మొదటి జంప్‌కు ముందు ఒక పూట పైగా సాగే గ్రౌండ్ స్కూల్ ఉంటుంది. వేలాడే హార్నెస్‌లో కూర్చోబెట్టి, పారాచూట్ మెలిపడితే ఏ పిడి ముందు లాగాలో, ఏది తరువాత లాగాలో చేతులకు అలవాటయ్యేదాకా సాధన చేయించే పరికరం అక్కడ ఉందేమో చూడండి. లేకపోతే ఆ కోర్సు అసంపూర్ణం. పారాచూట్ కింద తేలేటప్పుడు రేడియోలో దారి చెప్పే మనిషి ఉంటారా, మీ బరువుకు సరిపడే పెద్ద విద్యార్థి పారాచూట్ ఇస్తారా, కోర్సులోని ఒక లెవెల్ ఫెయిలైతే మళ్లీ ఎంత కట్టాలి అన్నవి కూడా అడిగి రాసుకోండి. కోర్సు మొత్తానికి ఒకే ధర చెప్పేవారు తిరిగి చేయవలసిన జంప్‌ల ఖర్చును అందులో కలిపారో లేదో తేల్చుకోండి.

యూఎస్‌పీఏ మొదటి మెట్టయిన ‘ఏ’ (A) లైసెన్సుకు కనీసం 25 జంప్‌లు కావాలి. ఒకే విడతలో అన్నీ పూర్తిచేయడం మనవైపు నుంచి వెళ్లేవారికి సెలవుల రీత్యా కష్టం కనుక, మధ్యలో నెలల విరామం తప్పదు. అందుకే మొదటి జంప్ రోజే ఒక లాగ్‌బుక్ కొనుక్కుని, తేదీ, చోటు, విమానం, ఎత్తు, పారాచూట్ రకం, ఆ రోజు చేసిన అభ్యాసం రాసి, ఇన్‌స్ట్రక్టర్ సంతకంతో పాటు ఆయన లైసెన్సు నంబరు కూడా రాయించుకోండి. మరో ఊరి కేంద్రానికి వెళ్లినప్పుడు వారు ముందుగా అడిగేది ఆ పుస్తకాన్నే. అందులో ఆఖరు తేదీని బట్టి, మిమ్మల్ని నేరుగా తరువాతి లెవెల్‌కు పంపాలా, మళ్లీ ఒక రిఫ్రెషర్ చేయించాలా అని నిర్ణయిస్తారు.